సోఫా పక్కన టీపాయ్

మన పత్రిక సంపాదకులు నన్ను ఎప్పుడు రాయమన్నా బ్లడ్ ప్రెషర్ గురించో, షుగర్ గురించో రాయమంటారు. డాక్టరునన్న మాటే గాని నాకూ ఒక ఇల్లుంది, ఆ ఇంట్లో హాలుంది, హాల్లో సోఫా ఉంది, సోఫాకి అటూ ఇటూ ఖాళీ ఉంది అన్న సంగతి వారికి తట్టదు. అంచేత ఈసారికి షుగర్ని అవతల పెట్టి ఆ ఖాళీ గురించి రాస్తున్నాను. కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టుకోవాలి అన్నది చూడ్డానికి చిన్న ప్రశ్నే. మా ఇంట్లో అది ఎనిమిది నెలలు నడిచింది. మా అత్తగారు వచ్చి ఉన్న నాలుగు నెలలూ అందులోనివే.

న్యూజిలాండు వచ్చిన మనవాళ్ళలో చాలామందిది ఒకటే వరస. ముందు అద్దె ఇల్లు, ఎవరో ఊరు మారుతూ ఇచ్చిన సోఫా, అట్టపెట్టె మీద దుప్పటి కప్పితే టీపాయ్. తరవాత సొంత ఇల్లు. అప్పుడు మాత్రం అన్నీ కొత్తవే ఉండాలి, ఒకే షాపులోవి, ఒకే సెట్టు. ఆ సెట్టులో సోఫాకి రెండు పక్కలా రెండు బల్లలు వస్తాయి. కొయ్యపొట్టుని జిగురుతో అదిమి, పైన కొయ్య బొమ్మ ఉన్న కాయితం అంటించినవి. నీళ్ళు ఒలికితే ఉబ్బుతాయి, ఉబ్బినవి మళ్ళీ దిగవు. మనుషుల కాళ్ళవాపుకి నా దగ్గర మందుంది గాని ఆ వాపుకి లేదు. మావి రెండూ అలా ఉబ్బాక, మళ్ళీ అవే తెచ్చేద్దాం పీడా పోతుంది అన్నారు మా ఆయన. పాతవి చూద్దాం అన్నాను నేను.

ఇంతకీ ఈ వస్తువుని ఏమనాలి? ఇక్కడివాళ్ళు ఎండ్ టేబుల్ అంటారు, సైడ్ టేబుల్ అంటారు, కొందరు పెద్దవాళ్ళు ఆకేషనల్ టేబుల్ అంటారు. మనకి అన్నీ టీపాయే. టీ పెట్టుకుంటాం గనక టీపాయ్ అని చిన్నప్పుడు మనం అనుకున్నట్టే ఇంగ్లండులో పెద్దపెద్దవాళ్ళు కూడా అనుకున్నారు. నిజానికి ఆ మాటలో టీ చుక్క కూడా లేదు. హిందీలో తిపాయి, అంటే మూడు కాళ్ళది. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు అచ్చువేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో దీని కథ ఉంది. పారశీకంలో అసలు మాట సిపాయి అనీ, బల్లని పిలిస్తే తుపాకి పట్టుకున్న సిపాయి వస్తాడనే భయం చేత కాబోలు అది తిపాయి అయిందనీ వాళ్ళ ఊహ. కంపెనీ ఉద్యోగులు ఆ మాటని ఇంగ్లండు పట్టుకెళ్ళారు. అక్కడి షాపులవాళ్ళు మొదటి అక్షరంలో టీ విని, కాడ మీద నిలబెట్టిన తేయాకు పెట్టెకి ఆ పేరు తగిలించారు. ఈనాటికీ ఇక్కడ పాత సామాను అమ్మే పెద్ద షాపులోకి వెళ్ళి టీపాయ్ కావాలంటే మూతా తాళం ఉన్న పెట్టె చూపిస్తారు. కంగారు పడకండి. మనకి కావలసినది ముక్కాలిపీట. ఆ పేరు మన దగ్గర ఎప్పటినుంచో ఉంది.

అయితే మన పాత ఇళ్ళలో కుర్చీ పక్కన బల్ల ఎందుకు కనపడదు? అవసరం లేదు గనక. తాతగారి పడక్కుర్చీ చేతులు జానెడు వెడల్పుండేవి, కాఫీ గ్లాసూ, కళ్ళజోడూ, మడిచిన పేపరూ అన్నీ దాని మీదే. ఆడవాళ్ళకి గోడలో గూళ్ళుండేవి. మిగిలినవాళ్ళం నేల మీద కూచునేవాళ్ళం, నేలని మించిన టేబులు ఇంకేముంది? సోఫా వచ్చాకే ఈ తంటా వచ్చింది. సోఫాలో కూచున్నవాడికి నేల అందదు, గోడ అందదు, చేతిలో గ్లాసు మాత్రం వేడిగా ఉంటుంది.

పాత బల్ల కొందామన్న మాట చెవిన పడగానే మా అత్తగారు చేతిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టేశారు.

"ఎవరింట్లోదో, ఎవరెలా పోయారో! మనింట్లో పోయినవాళ్ళ మంచమే బ్రాహ్మణ్ణి పిలిచి దానం ఇచ్చేస్తామే. పరాయి ఇంట్లో పోయినవాళ్ళ బల్ల డబ్బిచ్చి తెచ్చుకుంటావుటమ్మా?"

దీన్ని మూఢనమ్మకం అని తోసెయ్యడానికి నాకు మనసొప్పలేదు. శయ్యాదానం అన్నది ఊరికే పెట్టినది కాదు. మనిషి పోయాక ఆ మనిషి పడుకున్నదీ, కప్పుకున్నదీ ఇంట్లోంచి కదిలితే గాని మిగిలినవాళ్ళకి నిద్ర పట్టదు. ఇక్కడ ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు చూస్తే అదే కనపడుతుంది. పిల్లలు శనివారం వస్తారు, తల్లి వస్తువులు పెట్టెల్లో సర్ది హాస్పిస్ షాపుకో, సాల్వేషన్ ఆర్మీకో ఇచ్చేస్తారు. మంత్రం ఒక్కటే తక్కువ. అత్తగారి మాటలో ఇంకో సంగతి కూడా దాగుంది. వాడిన సామాను కొనడం అంటే మన వేపు గుజిరీకి వెళ్ళడం. కొడుకూ కోడలూ ఇంత చదువుకొని, ఇంత దూరం వచ్చి, గుజిరీ బల్ల కొనుక్కున్నారని వైజాగులో తెలిస్తే?

"మన వైజాగు ఇంటి సామాను ఏమైంది అత్తయ్యా?" అని అడిగాను.

ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. మామగారి తండ్రి కట్టించిన ఇల్లు బిల్డరుకి ఇచ్చాం. అయిదంతస్తులు లేచాయి. టేకు మంచాలూ, పడక్కుర్చీ, రెండు ముక్కాలిపీటలూ ఒక్క పూటలో బండెక్కి వెళ్ళిపోయాయి, ఫ్లాటులో పట్టవని. ఇవాళ వాటిని ఎవరో మైనం పాలిష్ పెట్టి, దీపం కింద నిలబెట్టి, వచ్చినవాళ్ళకి చూపించుకుంటూ ఉంటారు.

"వాళ్ళూ మన గురించి ఇలాగే అనుకుంటే?"

అత్తగారు కాస్త ఆలోచించి, "మనింట్లో అందరూ మంచి చావే చచ్చారమ్మా" అన్నారు. ఆ రోజుకి ఆ చర్చ అక్కడితో ఆగింది.

ఇక బజారు సంగతి. యాంటీక్ అంటే నూరేళ్ళు దాటినది అని వ్యాపారులలో వాడుక. వింటేజ్ అన్నదానికి అలాంటి హద్దు లేదు, అమ్మేవాడి ధైర్యం ఎంతో అంత. మనకి కలిసొచ్చే సంగతేమిటంటే, గత పాతికేళ్ళుగా ముదురు రంగు పాత కొయ్యసామానుకి గిరాకీ బాగా పడిపోయింది. తెల్ల గోడలు, వంటిల్లూ హాలూ కలిసిపోయిన ఇళ్ళు, ఏడాదికో ఊరు మారే ఉద్యోగాలు, వీటిలో బామ్మగారి ఓక్ బల్లకి చోటు లేదు. దాంతో అచ్చమైన కొయ్యతో, అతుకులు బిగించి చేసిన బల్ల, ఆ కాయితం అంటించిన కొత్త బల్ల కన్నా తక్కువకి దొరుకుతోంది. హాస్పిస్ షాపులూ, వేలంపాటలూ, ట్రేడ్‌మీ, ఎక్కడ చూసినా ఇదే.

ఇక్కడ ఎక్కువగా కనపడేవి ఇవి. 1920, 30లలో చేసిన ఓక్ బల్లలు, కాళ్ళు తాడు మెలిపెట్టినట్టు తిరిగి ఉంటాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి గాని, ఆ మెలికల్లో దుమ్ము తుడవడానికి ఒక మనిషిని పెట్టుకోవాలి. ఇంకొకటి ఒకదాని కిందికి ఒకటి దూరే మూడు నాలుగు బల్లల వరస. ఇంగ్లండులో షెరటన్ అనే ఆయన 1803లో వేసిన వడ్రంగపు నిఘంటువులోనే ఈ వరస ఉంది. నన్నడిగితే మనవాళ్ళకి ఇంతకన్నా పనికొచ్చేది లేదు. సంక్రాంతికి పదిమంది వస్తే నాలుగు బల్లలు, వాళ్ళు వెళ్ళిపోతే ఒకటి.

తరవాత ఈ దేశపు కొయ్య: కౌరి, రిము. కౌరి తేనె రంగులో సన్నటి పోగుతో ఉంటుంది, ముడులు చాలా తక్కువ. ఉత్తర ద్వీపం పై భాగంలో పెరిగే మహావృక్షం. తెరచాప ఓడలకి స్తంభాలుగా మొదలుపెట్టి, తరవాత ఇళ్ళకీ, వంతెనలకీ, వంటింటి బల్లలకీ నరుక్కుంటూ పోయారు. వైపోవా అడవిని 1952లో రక్షిత వనంగా ప్రకటించేనాటికి పాత అడవిలో మిగిలింది కొద్దిపాటి. అక్కడున్న తానె మహుత అనే చెట్టుని చూడనివాళ్ళు ఒకసారి వెళ్ళి చూడండి, తిరిగొచ్చేటప్పుడు మటకొహెలో కౌరి మ్యూజియం కూడా చూడండి. 1962 నుంచి నడుస్తోంది. రిము ఎరుపు చాయలో నల్లటి చారలతో ఉంటుంది. పశ్చిమ తీరంలోని ప్రభుత్వపు అడవుల్లో రిము నరకడం 2002లో ఆపేశారు. అంచేత పాత రిము బల్ల కొన్నవాడు ఇప్పుడు సులువుగా దొరకని కొయ్య కొన్నట్టు, పైగా అందుకోసం ఇవాళ ఒక చెట్టూ పడదు.

బల్ల ముందు నిలబడి ఏం చూడాలి? మెడికల్ కాలేజీలో మాకు మొదట నేర్పినది, ముందు కళ్ళతో చూడు, తరవాత చేత్తో తాకు, తరవాత వేలితో తట్టు, ఆఖర్న చెవి పెట్టు. టెస్టులు ఆ తరవాత. బల్లకీ అదే పద్ధతి. మొదటి పని దాన్ని తలకిందులు చెయ్యడం. షాపువాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. తెలిసినవాళ్ళందరూ చేసే పనే. పైభాగానికి ఎవడైనా మెరుగు పెడతాడు, కింద అబద్ధం ఆడటం కష్టం. ప్లస్ గుర్తు తలతో మరమేకులు కనపడితే అది 1930ల తరవాతి పని, లేదా ఆ తరవాత ఎవరో విప్పి బిగించిన పని. సొరుగు ఉంటే దాని మూలల్లో పావురం తోక ఆకారపు అతుకులు చూడండి. చేత్తో కోసినవైతే ఒకటి లావు, ఒకటి సన్నం; మిషను కోసినవి అన్నీ అచ్చుగుద్దినట్టుంటాయి. పై చెక్క కింద ఏ పనీ లేని మేకుల రంధ్రాలు ఉన్నాయంటే, పైభాగం ఒక బల్లది, కాళ్ళు ఇంకో బల్లవి అని అనుమానించవచ్చు. వ్యాపారులు దీన్ని మ్యారేజ్ అంటారు! పెళ్ళి అన్నమాట. కుదిరిన పెళ్ళిళ్ళూ ఉంటాయి, నేనేమీ అనను. కాని ధర మాత్రం సగానికి అడగాలి.

గుండ్రటి బల్ల అయితే టేపు పెట్టి కొలవండి. కొయ్య ఏళ్ళ తరబడి ఆరుతూ పోగుకి అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువునా దాదాపు మారదు. అంచేత నిజంగా నూరేళ్ళు దాటిన గుండ్రటి చెక్క గుండ్రంగా ఉండదు, ఒక పక్క కాస్త తక్కువ వస్తుంది. ఖచ్చితంగా గుండ్రంగా ఉండి, విక్టోరియా కాలం నాటిది అని చెబితే నవ్వి ఊరుకోండి.

తరవాత పురుగు. ఈ దేశంలో బోరర్ అన్నమాట తెలియని ఇల్లు లేదు. ఆ పురుగు గుడ్డు పెట్టేది చెక్క పగుళ్ళలో. లోపల పిల్ల పురుగు మూడు నాలుగేళ్ళు కొయ్య తింటూ బతికి, రెక్కలొచ్చాక రెండు మిల్లీమీటర్ల గుండ్రటి కన్నం చేసుకొని వేసవిలో బయటికి వస్తుంది. అంటే మనకి కనపడే కన్నం అది లోపలికి వెళ్ళిన దారి కాదు, వెళ్ళిపోయిన దారి. అది పాత మచ్చా, ఇంకా నడుస్తున్న జబ్బా అన్నదే తేల్చుకోవలసిన సంగతి. కన్నం అంచు పదునుగా, లోపల లేత రంగుగా ఉండి, తడితే సన్నటి పొడి రాలితే లోపల ఇంకా ఉన్నట్టే లెక్క. కన్నం నల్లబడి మైనంతో పూడిపోయి ఉంటే చాలావరకు పాతది. అనుమానం ఉంటే బల్లని గరాజులో తెల్ల కాయితం మీద ఉంచి, పది రోజులు పొడి రాలుతుందేమో చూడండి. చలికాలంలో అయితే ఇంకా ఎక్కువ రోజులు ఉంచాలి. చిన్న బల్లని పాలిథీన్‌లో గట్టిగా చుట్టి, సున్నాకి ఇరవై డిగ్రీలు కిందనుండే డీప్‌ఫ్రీజరులో రెండు వారాలు ఉంచితే పురుగు చస్తుంది. మ్యూజియంల వాళ్ళూ ఇలాగే చేస్తారు. కాకపోతే ఆ ఫ్రీజరులోని గోంగూరా, మామిడిపండు గుజ్జూ, తురిమిన కొబ్బరీ ఆ రెండు వారాలు ఎక్కడుంటాయన్నది ఇంటి ఇల్లాలు తేల్చుకోవాలి. చెవి పెట్టి వినే పని మాత్రం ఇక్కడ లేదు. ఇంగ్లండులో ఒక రకం పురుగు చెక్కలో తల బాదుకుంటూ టిక్కుటిక్కుమంటుంది, రాత్రిళ్ళు రోగి పక్కన మేలుకున్నవాళ్ళకి వినపడేది గనక దానికి చావు గడియారం అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఈ సంగతి మా అత్తగారికి చెప్పలేదు, మీరూ చెప్పకండి.

రంగు వేసిన బల్ల అయితే వేరే జాగ్రత్త. 1980కి ముందు వేసిన రంగులో సీసం ఉందనే అనుకోండి. పొడిగా గరుకుకాయితం పెట్టి రుద్దారంటే ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది. పళ్ళొచ్చే పిల్లలకి బల్ల అంచు కొరకడం అంటే మహా సరదా. అలాంటి పిల్లలుంటే పెచ్చులూడే బల్ల ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పేరు మూడు కాళ్ళదే గాని, ముసలివాళ్ళున్న ఇంటికి నేను ముక్కాలిపీట కొననివ్వను. మూడు కాళ్ళ బల్లకి ఒక గొప్ప గుణం ఉంది, ఎంత ఎగుడుదిగుడు నేల మీదైనా ఊగదు. మూడు కొనలు ఎప్పుడూ నేలని తాకుతాయి. ఇక్కడి పాత విల్లాల్లో కింది దిమ్మలు కుంగి నేల ఒక వేపుకి వాలిపోయి ఉంటుంది, అక్కడ నాలుగు కాళ్ళది టకటకలాడుతుంది. కాని ఊగకపోవడం వేరు, పడకపోవడం వేరు. ఒకే కాడ కింద మూడు పాదాలున్న గుండ్రటి బల్ల తీసుకోండి. కాడ నుంచి పాదం కొనకి 25 సెంటీమీటర్లు, పై చెక్క అంచు కూడా 25 సెంటీమీటర్ల దాకా ఉందనుకోండి. రెండు పాదాల కొనలు కలిపి గీత గీస్తే ఆ గీత మధ్య నుంచి 12.5 సెంటీమీటర్ల దూరంలోనే పోతుంది. ఆ గీతకి అవతల అంచు మీద చెయ్యి వేసి నొక్కితే, బల్ల చేతితో పాటు వస్తుంది. నాలుగు పాదాలుంటే అదే గీత 17.7 సెంటీమీటర్ల మీద పడుతుంది. ఇక నాలుగు మూలల కింద నాలుగు కాళ్ళున్న బల్లకి చెక్క బయటికి వేలాడేదే ఉండదు.

మన సోఫాలు లోతు, పెద్దవాళ్ళ మోకాళ్ళు అరుగు. లేచేటప్పుడు చెయ్యి ఏదో ఒకదాన్ని వెతుక్కుంటుంది. బల్ల ఆసరా కోసం పెట్టినది కాదు, పట్టుకోవద్దు అని ఎంత చెప్పండి, చెయ్యి వినదు. తుంటి ఎముక విరిగి వచ్చిన పెద్దవాళ్ళని చూసిన కళ్ళతో చెబుతున్నాను, ఆ ఒక్క క్షణంలో చేతి కింద ఏముందన్నది చిన్న సంగతి కాదు. చెక్కిన అంచు, గోళ్ళున్న పాదాలు, మహాగని మెరుపు అన్నీ తరవాత. ముందు నాలుగు కాళ్ళు, కాస్త బరువు, గుండ్రటి మూలలు. అద్దం పలకలు వద్దు. ఎత్తు సోఫా చేతికి సమానంగా గాని, ఒకటి రెండు అంగుళాలు తక్కువగా గాని ఉండాలి. దానికన్నా ఎత్తయితే మోచెయ్యి తగిలి గ్లాసు పడుతుంది, మరీ పొట్టిదైతే మందుల సీసా కోసం వంగవలసి వస్తుంది.

బల్ల మెరుపు గురించి ఒక మాట. పాత ఇంగ్లీషు బల్లల మీద ఫ్రెంచి పాలిష్ అని గొప్పగా చెబుతారే, అది మన లక్క. మోదుగ, రేగు చెట్ల మీద లక్కపురుగు పెట్టిన జిగురుని కరిగించి, రేకులు చేసి, స్పిరిటులో కలిపి గుడ్డతో రుద్దినది. కనపడని మూల స్పిరిటు చుక్క వేసి చూడండి, జిగటగా అయితే లక్కే. దానికి వేడీ తడీ రెండూ గిట్టవు. మన స్టీలు గ్లాసు నిండా పొగలు కక్కే కాఫీ పెడితే తెల్లటి వలయం పడుతుంది. తెల్ల మచ్చ పాలిష్‌లోనే ఉంటుంది, దాన్ని పోగొట్టవచ్చు. నల్ల మచ్చ అయితే కొయ్యలోకి దిగినట్టు, అది పోవాలంటే పెద్ద వైద్యం. గ్లాసు కింద గిన్నె పెట్టుకునే మన పాత అలవాటు ఇందుకు ఎంతో మేలు.

లక్క అన్నమాట వినగానే మా అత్తగారికి ఏటికొప్పాక గుర్తొచ్చింది. అంకుడు కర్రని తిప్పుతూ దాని మీద రంగు లక్క అదిమే ఆ బొమ్మలవాళ్ళ ఊరు ఆవిడ చిన్నప్పుడు చూశారు. "అయితే ఈ కాళ్ళు కూడా అలాగే తిప్పారా?" అన్నారు, ఒక ఓక్ బల్ల కాలు నిమిరి. అవునన్నాను. పరాయి బల్ల మీద ఆవిడ చెయ్యి వెయ్యడం నేను చూడటం అదే మొదలు.

అప్పుడు నేను విశాఖపట్నం పని గురించి చెప్పాను. వైజాగులో పుట్టి పెరిగి ఆవిడా వినలేదు, అక్కడ చదువుకొని నేనూ వినలేదు. ఇక్కడికొచ్చాక యాంటీకుల పుస్తకం ఒకటి తిరగేస్తూంటే మన ఊరి పేరు కనపడింది. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం వడ్రంగులు కుర్చీలూ, బల్లలూ, పెట్టెలూ దంతపు పనితో చేసేవారు. మొదట్లో నల్లచేవ, ఇరుగుడు కొయ్యల్లో దంతం పొదిగేవారు. తరవాత గంధపు చెక్క మీద పలచటి దంతపు రేకులు పరిచి, వాటి మీద తీగలూ పువ్వులూ గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. కొన్నది కంపెనీ ఉద్యోగులు, నమూనాలు ఇంగ్లండువి. చేసిన మనిషి తన ఇంట్లో అలాంటి కుర్చీ మీద కూచుని ఉండడు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ పోయాక ఆయన సామాను 1781లో ఇంగ్లండులో వేలం వేస్తే, అందులోని దంతపు కుర్చీలని మూడో జార్జి రాజు షార్లట్ రాణి కోసం కొన్నాడు. రాజు కొన్నదీ పోయినవాళ్ళ సామానే సుమండీ అని అత్తగారితో అన్నాను. ఆ కుర్చీలు ఈనాటికీ రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి. ఇక్కడ ఆక్లండులో ఆంటన్ సోయ్‌ఫర్ట్ అని బొహీమియా నుంచి 1859లో వచ్చిన వడ్రంగి ఉండేవాడు. ఈ దేశపు రంగురంగుల కొయ్య ముక్కలు అతికి అతను చేసిన రాతబల్ల 1862లో విక్టోరియా రాణికి కానుకగా వెళ్ళింది, అదీ ఆ సేకరణలోనే ఉంది. విశాఖపట్నం, ఆక్లండు ఇద్దరూ అక్కడ పలకరించుకుంటూ ఉంటారు. సోయ్‌ఫర్ట్ చేతిపని ఆక్లండు మ్యూజియంలో చూడవచ్చు, విశాఖపట్నం పని చూడాలంటే లండన్లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకి వెళ్ళాలి.

ఇది విని కొందరికి మనూరి నుంచే పాత బల్ల ఒకటి తెచ్చుకుంటే అన్న ఆలోచన రావచ్చు. తేవచ్చు గాని చూసుకొని తేవాలి. నూరేళ్ళు దాటిన పనితనం గల వస్తువుని సొంతంగా దేశం దాటించడానికి 1972 నాటి చట్టం ఒప్పుకోదు. దంతం ఉంటే వన్యప్రాణి చట్టాలు అడ్డొస్తాయి. ఇరుగుడు జాతి కొయ్య మొత్తం 2017 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చింది. టేకుకి ఆ బాధ లేదు. ఇక్కడ దిగేటప్పుడు కొయ్య వస్తువు ఉందని డిక్లరేషన్లో రాయాలి, రాయకపోతే 400 డాలర్ల జరిమానా. పురుగు కన్నాలు కనపడితే పొగ పెట్టించాలి. ఇన్నీ పడి తెచ్చుకునేది తాతగారిదైతే సరే, ముక్కూ మొహం తెలియనిదైతే ఇక్కడిది ఏం పాపం చేసింది?

ఆస్పత్రిలో నేను చూసేది ఎక్కువగా పెద్దవాళ్ళనే. ఇల్లు అమ్మేసి రెస్ట్‌హోముకి మారేవాళ్ళకి దొరికేది ఒక గది. మంచం వాళ్ళిస్తారు. ఇంటినించి ఒక కుర్చీ, కుర్చీ పక్కన ఒక చిన్న బల్ల, అంతే పడుతుంది. డైనింగ్ టేబులు పోతుంది, అద్దాల బీరువా పోతుంది, పియానో పోతుంది. ఆ చిన్న బల్ల మీద మాత్రం కళ్ళజోడు, టెలిఫోను, మాత్రల డబ్బా, పోయిన భర్త ఫోటో ఉంటాయి. నేను నాడి చూస్తూ పక్కకి చూస్తే చాలాసార్లు కనపడేది ముదురు రంగు పాత బల్లే. ఎక్కడిదండీ అని అడుగుతాను. జబ్బు గురించి రెండు ముక్కలు చెప్పేవాళ్ళు కూడా బల్ల గురించి పావుగంట చెబుతారు. పెళ్ళికి అత్తగారిచ్చింది, నాన్న చేసింది, ఓడలో వచ్చింది. ఒకావిడ, నేను పోయాక దీన్ని పిల్లలు తీసుకోరు, ఎవరు తీసుకుంటారో అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నని ఇంటికొచ్చి అత్తగారితో చెప్పాను, పేరూ ఊరూ లేకుండా. ఆవిడేమీ అనలేదు. తరవాతి శనివారం నేనూ మా ఆయనా హాస్పిస్ షాపుకి బయల్దేరుతూంటే, "ఉండండి, నేనూ వస్తాను" అని కాళ్ళకి సాక్సు వేసుకున్నారు.

అక్కడ దొరికింది రిము బల్ల. నాలుగు కాళ్ళు, కింద పుస్తకాలు పెట్టుకునే అర, ఎత్తు 60 సెంటీమీటర్లు, 1930ల పని అని నా లెక్క, ధర 45 డాలర్లు. అత్తగారు ముందు పక్కనున్న సోఫాలో కూచున్నారు. బల్ల మీద చెయ్యి వేసి లేచారు, మళ్ళీ కూచున్నారు, మళ్ళీ లేచారు. తరవాత నాతో కూడా పట్టించి దాన్ని తలకిందులు చేయించారు. కన్నాలు మూడు, మూడూ నల్లబడినవే. కౌంటరు దగ్గరున్న పెద్దావిడని, "ఇది ఎవరిది, మంచివాళ్ళేనా?" అని అడగమన్నారు. నేను అంతా అడగలేక, ఎవరిచ్చారో తెలుసా అన్నాను. ఆవిడ నవ్వి, తెలియదమ్మా, కాని ఎవరో రోజూ మైనం రుద్దారు, చూడు, అంది. ఆ జవాబు అత్తగారికి నచ్చింది.

గరాజులో పది రోజులు తెల్ల కాయితం మీద ఉంది. పొడి రాలలేదు. లోపలికి తెచ్చిన రోజున అత్తగారు పసుపు నీళ్ళు కలుపుతూంటే చూసి, నీళ్ళొద్దు అత్తయ్యా, లక్క తెల్లబడుతుంది అన్నాను. ఆవిడ ఆలోచించి, బల్లని మళ్ళీ తలకిందులు చేయించి, పై చెక్క అడుగున, కనపడని చోట, పొడి కుంకంతో ఒక బొట్టు పెట్టారు. ఎన్నాళ్ళకో ఎవరైనా వ్యాపారి దాన్ని తిప్పి చూసి ఏ కాలపు ఎరుపు రంగో అని తల గోక్కుంటాడు.

అత్తగారు వెళ్ళి రెండు నెలలైంది. వీడియోలో మాట్లాడినప్పుడల్లా, "రెండోది దొరికిందా?" అంటారు. దొరకలేదు. సోఫాకి కుడివేపు ఇంకా అట్టపెట్టే ఉంది. రిము గాని కౌరి గాని, నాలుగు కాళ్ళు, ఎత్తు 58 నుంచి 60 సెంటీమీటర్లు, జత కుదరకపోయినా ఫరవాలేదు. ఎవరి కంటైనా పడితే సంఘం మీటింగులో నాకు చెప్పండి. తలకిందులు చేసి చూసి మరీ చెప్పండి.